కొలువు నిలుపుకొనుట



ద్రాక్షారామ భీమేశ్వరస్వామి కోవెలకు పోయినవారు ప్రదక్షిణము చేయునపుడు స్తంభములపైని గోడలపైని చెక్కిన యక్షరములను చూచియే యుందురు. చదువరాక, చేతితో తడవి ముందునకు సాగుదురు. ఆ వ్రాతలలో రాజుల బిరుదములే కాదు, కొలువు నిలుపుకొనుటను గూర్చి మనము నేడును తెలిసికొనదగిన విషయమొకటి కలదు.

11, 12 శతాబ్దములలో రాజులును, రాణులును, అధికారుల భార్యలును స్వామికి అఖండదీపములు పెట్టించిరి. ఎన్నటికిని ఆఱని దీపమునకు నేయి యెవరు పోయవలెను? దాత తఱచుగా 50 గొఱ్ఱెలను మందకాపరియగు బోయ కొకనికి అప్పగించెడివాడు. ఆ బోయ దినమున కొక మానెడు నేయి కోవెలకు చేర్పవలెను. అతని పిమ్మట కొడుకులును మనుమలును చేర్పవలెను. దాత పేరుతోపాటు బోయ పేరును శాసనమున కెక్కినది. ఎంత మంద యిచ్చిరో, ఎంత నేయి తేవలెనో, రెండును రాతిమీద నున్నవి.

పని కొలత తప్పకుండుట, ఆ కొలత వ్రాతలో నుండుట: కొలువు నిలుచుటకీ రెండును కావలెనని మా యభిప్రాయము. మన పెద్దలు ఆడపిల్లలకు మొదటిది మాత్రమే బోధించి రెండవదానిని విడిచిరి.

ఒకనాడు రెండు మానికలు తెచ్చి మఱునాడు రాకున్నచో దీపమాఱును. క్రొత్తగా పనిలో చేరిన యువతులు మొదటి నెలలో అందఱి పనియు నెత్తిన వేసికొని, మూడవ నెలకే యలసి, చెప్పకుండ నిలిచిపోవుట చూచుచున్నాము. బడిలో వంటచేయు నామెకు గాని, అంగన్‌వాడీలో పిల్లలను చూచు నామెకు గాని, బట్టల దుకాణములో నిలుచు నామెకు గాని ఉత్సాహముకంటె నిలకడ ముఖ్యము. రాలేనినాడు ముందురాత్రియే కబురు పంపవలెను. పిల్లలు కంచములముందు కూర్చున్న పిదప వచ్చిన కబురు కబురు కాదు. పగిలినదానిని పగిలినప్పుడే చెప్పవలెను. చేతిలో పడిన సొమ్మునకు ఆనాడే లెక్క యొప్పగింపవలెను. ఒక యింటి మాట వేఱొక యింటికి మోయరాదు. ఈ యొక్క దోషముచే పోయిన కొలువులు దొంగతనముచే పోయినవానికంటె నెక్కువ యేమోయని మాకు తోచును.

ఇక వ్రాతసంగతి. జీతమెంత, గంటలెన్ని, సెలవులెన్నియని ముందుగా అడుగుటకు మన స్త్రీలు సిగ్గుపడుదురు. అడుగనందున నష్టపడుదురు. పదిమందియు అంతకు మించియు పనిచేయు సంస్థలలో, ముందటి 12 నెలలలో 80 దినములు పనిచేసిన స్త్రీకి మొదటి యిద్దఱు బిడ్డల కాన్పులకు 26 వారముల జీతపు సెలవు 2017 నుండి కలదు. ఇది యెఱుగక, నెలలు నిండగానే రాజీనామా వ్రాసియిచ్చి, బిడ్డ నడక నేర్చిన పిమ్మట మరల పనికై తిరుగువారు గలరు. పనిచోట పురుషులవలన అవమానము కలిగినచో ఫిర్యాదుచేయుటకు 2013 నాటి చట్టము కలదు. ఇండ్లలో పనిచేయువారు సైతము జిల్లాలోని స్థానిక ఫిర్యాదుల సంఘమునకు చెప్పుకొనవచ్చును. కొలువు పోవునను భయముచే నోరు మూసికొనుట విధేయత కాదు.

గోదావరిసీమనుండి ఇంటిపనికై కువైట్ పోవు సోదరీమణుల విషయములో ఈ వ్రాత ప్రాణముతో సమానము. అచ్చట 2015లో చేసిన 68వ చట్టము ప్రకారము పనికత్తెకు వారమున కొకదినము విశ్రాంతియు, సాలునకు 30 దినముల జీతపు సెలవును ఉండవలెను. దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదు. ఒడంబడిక ముగిసినపుడు ఏటికొక నెలజీతము చొప్పున ముట్టవలెను. పాసుపోర్టును యజమాని తనకడ నుంచుకొనరాదు. చట్టమున్నంత మాత్రమున ప్రతి యింటను జరుగునని మేమనము. అయినను తెలిసిన స్త్రీ అడుగగలదు, తెలియని స్త్రీ యేడ్చును. ప్రభుత్వము రిజిస్టరు చేయని దళారిని నమ్మరాదు. విజిటు వీసాపై పనికి పోరాదు. ఒడంబడిక, పాసుపోర్టు, వీసా, మూడింటి నకళ్లును పుట్టినింట నొక పెట్టెలో ఉంచి, యజమాని పేరును విలాసమును తల్లికి వ్రాసియిచ్చి మఱి విమానమెక్కవలెను.

మా చదువరులలో పనిమనిషిని పెట్టుకొన్నవారును పెక్కుమంది గలరు గదా. మంద నియ్యక నేయి యడుగుట న్యాయము కాదు. జీతమును, సెలవులను, అడ్వాన్సుగా ఇచ్చిన సొమ్మును ఒక చిన్న పుస్తకమున ఆమె యెదుటనే వ్రాసి, చదివి వినిపించి, అట్టిదే యొకటి ఆమెకును ఇయ్యుడు. పండుగకు పెట్టిన చీరను మాత్రము ఆ లెక్కలో వేయకుడు.