మెట్లెక్కితే వస్తుందా?

ఇంటర్నెట్‌లో రోగలక్షణాలు వెతుక్కునేవాళ్ళ మీద జోకులు వెయ్యడం చాలా తేలిక. డాక్టర్లయితే కాఫీ కప్పుల మీద కూడా అచ్చు వేయించుకుంటారు. ఆ జోకులు నాకు నచ్చవు. అలాగని, "సమాచారం అందరి చేతికీ వచ్చింది, ఇంక డాక్టరెందుకు" అనే నా తోటి ఇంజనీర్ల మాటా ఒప్పుకోను. ఈ రెండోదాన్ని చాలాకాలం నమ్మినవాణ్ణి కాబట్టి దాని మీదే కోపం ఎక్కువ.

మాది పాతబస్తీ, లాల్‌దర్వాజా దగ్గర. రెండేళ్ళ కిందట నాకు ఎడమకన్ను రెప్ప అదరడం మొదలైంది. "మగోళ్ళకి ఎడమకన్ను అదిరితే మంచిది కాదు రా" అంది అమ్మ. నవ్వి ఫోన్ తీశాను. రాత్రి రెండింటికల్లా నాకు ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు ఖాయమైపోయింది. అమ్మ శకునమే నయం, ఏదో కీడు అని ఊరుకుంది. నా శకునం జబ్బు పేరుతో సహా చెప్పింది.

ఇది కొత్త రోగమేం కాదు. 1889లో జెరోమ్ కె. జెరోమ్ రాసిన 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్'లో కథకుడు బ్రిటిష్ మ్యూజియంలో వైద్యగ్రంథం తిరగేసి, అందులోని జబ్బులన్నీ తనకున్నాయని తేల్చుకుంటాడు, ఇళ్ళు తుడిచేవాళ్ళకొచ్చే మోకాలి వాపు ఒక్కటి తప్ప. అందరం నవ్వుతాం. కానీ ఒక వివరం వదిలేస్తాం: అతని డాక్టరు చీటీ రాసే ముందు మనిషిని పరీక్ష చేశాడు.

పుస్తకం అక్షరక్రమంలో భయపెడితే, సెర్చ్ ఇంజన్ ర్యాంకుల క్రమంలో భయపెడుతుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రైన్ వైట్, ఎరిక్ హార్విట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనం ఇదే చూపించింది. తలనొప్పి అని వెతికితే, కాఫీ మానేస్తే వచ్చే నొప్పీ, మెదడులో గడ్డా దాదాపు సమానంగా కనబడ్డాయి. మొదటిది మామూలు, రెండోది బహు అరుదు. పేజీ పైన రావడానికీ, జబ్బు ఉండే అవకాశానికీ సంబంధం లేదు. ఉద్యోగంలో ఈ సంగతి నాకు బాగా తెలుసు. రాత్రి రెండింటికి తెలీదు.

నేను లేని జబ్బు వెతుక్కుంటున్న ఆ రోజుల్లోనే అమ్మకి ఛాతీలో పట్టేసినట్టుండేది. ఆమే వెతికింది, యూట్యూబ్‌లో, "గ్యాస్‌కి చిట్కాలు" అని. జీలకర్ర నీళ్ళు దొరికాయి. "ఏం గాదు, గ్యాసే" అంది. నేనూ సరే అన్నాను. చివరికి వీధిచివరి డాక్టరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "మెట్లెక్కితే వస్తుందా? ఆగితే పోతుందా?" రెండిటికీ అవుననే జవాబు. వారం తిరక్కుండా స్టెంట్ పడింది.

నా అభ్యంతరం ఇదీ. ఫోను తప్పు చెప్తుందని కాదు. మనం అడిగిందే చెప్తుంది. భయపడి అడిగితే భయం, ధైర్యం కోసం అడిగితే ధైర్యం. చాట్‌బాట్లు ఎదురుప్రశ్నలు వేస్తాయి కదా అంటారు. వేస్తాయి. కానీ జీలకర్ర నీళ్ళ కోసం వెళ్ళిన మనిషి ఆ ప్రశ్నల దాకా వెళ్ళదు. ఎదురుగా కూర్చున్న డాక్టరైతే ఆమె మెట్లెక్కి వచ్చి ఆయాసపడటం చూస్తాడు.

మరి డాక్టర్లు రెండు నిమిషాలు కూడా ఇవ్వట్లేదు కదా? నిజమే. ఉస్మానియా ఓపీ వరసలో నిలబడ్డవాళ్ళని అడగండి. అందుకే కాఫీ కప్పు జోకు నాకు నచ్చదు. జవాబు చెప్పని డాక్టరే మనిషిని ఫోన్ దగ్గరికి తోలుతున్నాడు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో కొరుకుడుపడే భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో, ఐదు నిమిషాలు మాట్లాడే డాక్టరుంటే చాలు, సగం వెతుకులాట ఆగిపోతుంది. మన ఊరి తెలివంతా యాప్‌ల మీద పెట్టేవాళ్ళం అడగాల్సింది అది.

వెతకండి, తప్పేం లేదు. కానీ వెతికిందాన్ని ప్రశ్నగా రాసుకుని మనిషి దగ్గరికి తీసుకెళ్ళండి, తీర్పుగా కాదు.

నా రెప్ప పది రోజులకి దానంతటదే ఆగిపోయింది. ఆ పది రోజుల్లో ఒక్కసారైనా అమ్మ మెట్లెక్కుతుంటే వెనక్కి తిరిగి చూసి ఉంటే బాగుండేది.