ఆదివారం పోటీకా, జీవితానికా వైద్యం?

ఉప్పల్ స్టేడియంలో పోటీ ఉన్న సాయంత్రం మా నాచారం వైద్యశాలకు వచ్చేవారు తక్కువ. అటువంటి ఒక సాయంత్రం నా మనుమరాలు కంప్యూటరులో ఒక అమెరికా ధారావాహికను నాకు చూపించినది. పేరు 'నెసెసరీ రఫ్‌నెస్'. 2011 నుండి 2013 వరకు అక్కడి టెలివిజన్‌లో ప్రసారమైనది. భర్తతో విడిపోయి సంసారభారాన్ని తానే మోయవలసి వచ్చిన డానీ శాంటినో అనే మానసిక చికిత్సకురాలు ఒక వృత్తి ఫుట్‌బాల్ జట్టులో చేరి, ఆటగాళ్ల మనోవ్యాధులకు చికిత్స చేయడం అందలి కథ. డోనా డాన్నెన్‌ఫెల్సర్ అనే నిజమైన చికిత్సకురాలి అనుభవాలే దానికి ప్రేరణ.

చూస్తుండగా నా పాత పొరపాటు ఒకటి జ్ఞాపకం వచ్చినది. పాఠకుల ఎదుట దానిని దాచదలచుకోలేదు.

చాలా ఏళ్ల క్రితం ఉప్పల్ నుండి ఒక తండ్రి పదహారేళ్ల కుమారుని తీసుకొని వచ్చారు. కుర్రవాడు ఫాస్ట్ బౌలర్. ఆదివారం తెల్లవారుజామున పుల్లని వాంతి, కడుపులో మంట. నాడి చూచి అమ్లపిత్తమని నిర్ణయించి, అవిపత్తికర చూర్ణమిచ్చి, కారం, పులుపు మాన్పించాను. వారమంతా బాగుండేది, ఆదివారం మళ్లీ మొదటికి వచ్చేది. "సెలక్షన్లు దగ్గరపడ్డాయి డాక్టరుగారూ, ఆదివారానికి నిలబడితే చాలు" అన్నారు తండ్రి. నేనూ ఆదివారం కొరకే మందు మార్చాను. శనివారం రాత్రి ఏమి తిన్నావని అడిగితినే గాని, ఆదివారం ఏమి జరుగునని భయపడుచున్నావని అడుగలేదు.

కొన్ని నెలల తరువాత తల్లి ఒక్కతే వచ్చినది. పిల్లవాడు ఆట మానివేసి గది విడిచి బయటకు రావడం లేదట. వెంటనే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పంపాను. అతడు కోలుకున్నాడు, బంతి మాత్రం మళ్లీ పట్టలేదు. "మీరొక్కసారి వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి అడిగి ఉంటే చెప్పేవాడేమోనండీ" అన్న ఆ తల్లి మాటకు నావద్ద ఈనాటికీ సమాధానం లేదు.

గురువుగారి ఇంట నేలపై కూర్చుండి నేర్చిన శాస్త్రంలో లోపం లేదు. చరకుడు చికిత్సలను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడుగా విభజించాడు. అహితమైన విషయాల నుండి మనసును మరల్చడమే సత్త్వావజయం. రజస్తమస్సులు మనసుకు దోషాలనీ, జ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి మొదలైనవి వాటికి ఔషధాలనీ కూడ చెప్పాడు. వ్యాయామం బలంలో సగం మేరకే చేయవలెనని పెద్దలు విధించారు. వృత్తి ఆటగాడు నిత్యం ఆ గీత దాటవలసినవాడు. కనుక అతని మనసును ఇతరులకంటె ఎక్కువగా గమనించవలెను. నేను మందులపెట్టె తెరిచాను, ఆ అధ్యాయం తెరువలేదు.

ఆ ధారావాహికలో నాకు నచ్చనిది మనోవ్యాధి కుదిరే వేగం. అనేక నెలలు పట్టే పని అక్కడ గంటలో ముగియును. నచ్చినది మాత్రం దానిలోని ధర్మసందేహం. జీతమిచ్చునది జట్టు. జట్టుకు కావలసినది రాబోవు పోటీ. మరి చికిత్సకురాలు జట్టు మనిషియా, రోగి మనిషియా? మన ఇండ్లలో జట్టు స్థానంలో తల్లిదండ్రులున్నారు. ప్రేమతోనే అయినా, వారు అడిగేదీ ఆదివారమే.

మన హైదరాబాదు సిరాజ్‌ను అందరూ ఉదాహరిస్తారు. 2020 నవంబరులో ఆటో నడిపి పెంచిన తండ్రి మరణించగా, ఆస్ట్రేలియాలోనే ఉండి ఆడాడు. 2023 జనవరిలో ఇదే ఉప్పల్‌లో న్యూజిలాండ్‌పై నాలుగు వికెట్లు తీశాడు. ఆ ధైర్యానికి నమస్కరించవలసినదే. కాని దానిని ప్రతి పిల్లవానికి కొలబద్ద చేయరాదు. సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్స్ నడుమ పలు పోటీల నుండి తప్పుకొన్నది, 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచినది. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్, 2024 డిసెంబరులో ప్రపంచ చదరంగ విజేత అగుటకు ముందు ప్యాడీ అప్టన్ అనే మానసిక శిక్షకుని సహాయం పొందాడు. సహాయం కోరడం బలహీనత కాదు.

తల్లిదండ్రులకు నా మనవి. పోటీ రోజులలోనే వచ్చే వాంతి, విరేచనం, నిద్రలేమిని అజీర్ణమని తేల్చివేయకండి. గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం, వేళకు భోజనం, నిద్ర మేలు చేయును. అంతకుముందు పిల్లవానిని ఒంటరిగా, తీర్పు చెప్పకుండా వినండి. దిగులు రెండువారాలు దాటినా, బ్రతుకు మీద విరక్తి మాటలు వినిపించినా చూర్ణాలతో కాలయాపన చేయక మానసిక వైద్యుని చూపించండి. ఆత్మహత్య మాట వస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే చూపించవలెను. ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా మాట్లాడవచ్చును.

ఇప్పుడు నా వద్దకు ఆటగాడెవరు వచ్చినా తండ్రిని కాసేపు బయట బెంచీపై కూర్చోమంటాను. కొందరికి కోపం వస్తుంది. తలుపు దగ్గరగా వేసి, నాడి పట్టుకొనక ముందే, "ఆట నీకు ఇష్టమేనా నాయనా?" అని అడుగుతాను.