స్వాప్ ఫెయిలైంది, ఫీజు మాత్రం పోయింది!

ఆదోని పత్తి యార్డు చూసినవాళ్లకి ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. పొద్దున విన్న రేటే మధ్యాహ్నం దాకా ఉంటుందన్న గ్యారెంటీ అక్కడ లేదు. యూనిస్వాప్ లాంటి డీసెంట్రలైజ్డ్ ఎక్స్‌ఛేంజిలో ఆ తేడా సెకన్లలోనే వచ్చేస్తుంది. పైగా ఇక్కడ అవతల బేరమాడే వ్యాపారి ఉండడు. రెండు రకాల టోకెన్లు పోసిన గాదె లాంటి 'పూల్' ఉంటుంది. ఆ రెండు సంఖ్యల్ని గుణిస్తే వచ్చే లెక్క తగ్గకూడదు, అంతే రూలు.

పూల్‌లో 1000 టోకెన్లు, వాటికి ఎదురుగా లక్ష రూపాయల విలువైన డాలర్ కాయిన్లు ఉన్నాయనుకోండి. మీరు 10,000 పెడితే 100 టోకెన్లు రావు, దాదాపు 91 వస్తాయి. స్క్రీన్ మీద చూపించేదీ అదే. మీ బేరం పూర్తయ్యేలోపు ఇంకొకడు 10,000 పెట్టేశాడు. ఇప్పుడు మీకు వచ్చేవి 76 లోపే! మీ స్లిపేజీ హద్దు 0.5 శాతమైతే కాంట్రాక్టు బేరాన్ని రద్దు చేస్తుంది. ఇది మిమ్మల్ని కాపాడే ఫెయిల్యూర్, తిట్టుకోకండి. కాకపోతే గ్యాస్ ఫీజు వెనక్కి రాదు. లెక్క చేసిన కంప్యూటర్లకి కూలి ఇవ్వాలి కదా.

ఒక్కోసారి కారణం ఇంకా చిన్నది. వాలెట్‌లో యూఎస్‌డీటీ ఉంటుంది, గ్యాస్‌కి కావలసిన ఈథర్ ఉండదు. లేదా టోకెన్‌కి అప్రూవల్ ఇవ్వకపోయి ఉంటారు.

ఎమ్మిగనూరులో నాకు తెలిసిన ఒక మగ్గం ఇంటి కుర్రాడి కేసు మాత్రం వేరు. కొన్న ప్రతిసారీ స్వాప్ అయింది, అమ్మబోతే ఒక్కసారీ కాలేదు. చెల్లెలి కాలేజీ ఫీజుకి దాచిన డబ్బు అది. టెలిగ్రామ్ గ్రూపులో అడిగితే 'స్లిపేజీ 49 పెట్టు బ్రో' అన్నారట. అలా పెడితే మామూలు టోకెన్ల దగ్గర కూడా బాట్లు మీ ముందు కొని, మీ వెనకే అమ్మి, మధ్యలో మీ డబ్బు నొక్కేస్తాయి. ఈ టోకెన్‌లో అయితే అమ్మకాన్ని ఆపే లైను కోడ్‌లోనే ఉంది. దానికి స్లిపేజీతో పనే లేదు. 2021లో స్క్విడ్ గేమ్ పేరుతో వచ్చిన టోకెన్ కొన్నవాళ్లూ ఇలాగే అమ్ముకోలేక ఇరుక్కున్నారు, నవంబర్ 1న దాని ధర సున్నా దగ్గరికి పడిపోయింది. కొనేముందు కొంచెం కొని, కొంచెం అమ్మి చూడటం మంచిదే. కానీ ఓనర్ చేతిలో స్విచ్ ఉంటే తర్వాత కూడా ఆపేయగలడు.

ఇప్పుడు గ్రూపువాళ్లు 'అన్‌లాక్ ఫీజు' 15 వేలు అడుగుతున్నారు. అలాంటి ఫీజు ఏ ఎక్స్‌ఛేంజిలోనూ లేదు. పంపొద్దని, స్క్రీన్‌షాట్లు దాచుకుని 1930కి ఫోన్ చేయమని చెప్పాను. వాళ్ల నాన్నకి ఇంకా తెలీదట.