చిన్న త్రోవ

ఫ్రాన్సులోని లిసియూ కార్మెల్ మఠంలో ఒకనాడు కన్యాస్త్రీలు గుడ్డలుతుకుతున్నారు. ఎదుటి సోదరి చేతిరుమాలును జాడించినప్పుడల్లా మురికినీరు తెరేసా ముఖాన చిందుతోంది. వెనుకకు జరిగి ముఖం తుడుచుకొంటే ఆ సోదరి గ్రహించి ఉండేది. తెరేసా అలా చేయలేదు; ఆ సహనాన్నే దేవునికి కానుకగా అర్పించింది.

1888లో, 15వ ఏట మఠంలో చేరిన ఆమె 1897లో 24 ఏళ్లకే క్షయవ్యాధితో కన్నుమూసింది. లోకం మెచ్చే ఘనకార్యమేదీ చేయలేదు. అల్పమైన పనినైనా ప్రేమతో చేయాలన్నదే ఆమె బోధ. 1925లో తిరుసభ ఆమెను పునీతగా ప్రకటించింది.

1931లో డార్జిలింగులో తొలి వ్రతాలు స్వీకరించిన ఒక అల్బేనియా యువతి ఆమె పేరునే ఎన్నుకొన్నది. కలకత్తా వీధులలో ఆ బోధను ఆచరించిన మదర్ తెరేసా ఆమెయే.

గృహస్థులకూ ఈ త్రోవ తెరిచే ఉన్నది: విసిగించేవారి పట్ల ఓర్పు వహించడమూ ప్రార్థనయే.