తుపాకి లైసెన్సు - రాష్ట్రముల సరిహద్దు

ఒక రాష్ట్రమున నిచ్చిన తుపాకి లైసెన్సు పొరుగు రాష్ట్రమునందును తనంతట చెల్లవలెనా యను ప్రశ్న అమెరికాలో ఏండ్ల తరబడి నలుగుచున్నది. దుస్తులలో తుపాకి దాచుకొని తిరుగుటకు ఒక రాష్ట్రమిచ్చిన యనుమతిని తక్కినవియు మన్నింపవలెనను బిల్లును 2017 డిసెంబరులో అచ్చటి ప్రతినిధుల సభ యామోదించెను, సెనేటు ఆమోదింపలేదు. ఇది సముద్రమున కావలి ముచ్చట యని మన మూరకుండరాదు. ధరూరువంటి సరిహద్దు సీమకు ఇది యింటి సమస్యయే.

ధరూరునుండి పడమరకు పోయిన రాయచూరు. ఆగ్నేయమున తుంగభద్ర దాటిన కర్నూలు. రాయచూరు 1956 నవంబరు 1 వరకును మనతోపాటు హైదరాబాదు రాష్ట్రముననే యుండెను. ఆనాడు మనతో జేరిన కర్నూలు 2014 జూను 2న వేరైనది. గీతలు మారినవి, సంతలును బంధుత్వములును మారలేదు. ఆయుధములు కేంద్ర జాబితాలోనివి. 1959 నాటి చట్టము దేశమంతటికి నొక్కటే. అయినను లైసెన్సు ఏ ప్రాంతమున చెల్లునో దానిపైననే వ్రాయబడును. ఇది యన్యాయమని కొందరనుట సహజము.

1878 నాటి చట్టము భారతీయుని నిరాయుధుని జేసి ఐరోపావారిని మినహాయించెను. ఆ యవమానము మరువరానిది. 1930 జనవరిలో గాంధీజీ ప్రకటించిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణకై లైసెన్సు లొసగుట యొకటి. కాని ప్రజల యదుపునకు లోబడియే యొసగవలెనని యా కోరికయందే కలదు.

ఆ యదుపు ఎచ్చట నున్నది? దరఖాస్తుదారుని గూర్చి సమీప పోలీసు ఠాణా నివేదిక యీయవలెనని చట్టము. ఇచ్చటి ఠాణా యెరిగిన మనుష్యుని రాయచూరు ఠాణా యెరుగదు. చేను కాపాడుకొనుటకై పొందిన తుపాకికి చేను దాటి పనియేమి? జాతరలకు, దేవుని యూరేగింపులకు, విద్యాలయములకు తుపాకి గొనిపోరాదని లైసెన్సు నియమములే చెప్పుచున్నవి. గుర్తెరుగని తుపాకులు వచ్చిన వీనిని కాచువారెవరు?

అట్లని సరిహద్దు గోడ కానక్కరలేదు. పత్తివిత్తనముల సొమ్ముతో రాయచూరు గద్వాలల నడుమ తిరుగు వర్తకునకును, బ్యాంకు సొమ్మునకు కాపలా వచ్చువానికిని నిజమైన యవసరము కలదు. కావున మా యభిప్రాయమిది: లైసెన్సు తనంతట గీత దాటరాదు. అవసరము చూపినవానికి పొరుగు జిల్లాలకు పొడిగింపు నిర్ణీత కాలములో నీయవలెను. నిరాకరించినచో కారణము వ్రాసి యీయవలెను. పొడిగించినచో ఆవలి ఠాణాకు వెంటనే తెలుపవలెను. లైసెన్సులకు జాతీయ పట్టికయు, ప్రతివానికి గుర్తుసంఖ్యయు నేర్పడియున్నవి గనుక ఇది యసాధ్యము కాదు. పలుకుబడి గలవాని కొక గీత, సామాన్యున కొక గీత యుండరాదు. తుపాకి పోయిన చోటికెల్ల దానికి బాధ్యుడగువాని పేరును పోవలెను.