అత్తగారూ, కుళాయి నీళ్లూ

మొన్న అత్తగారితో మాటల్లో నోరు జారాను. మా ఆరెంజ్ కౌంటీలో మురుగునీటిని శుద్ధిచేసి భూమిలోకి ఇంకిస్తారనీ, కుళాయిలో వచ్చేదాంట్లో అదీ ఉంటుందనీ. ఆవిడ గ్లాసు కింద పెట్టేశారు.

2008లో మొదలైన ఈ ఏర్పాటు 2023కల్లా రోజుకి 13 కోట్ల గ్యాలన్లకి పెరిగింది. సన్నటి ఫిల్టర్లు, రివర్స్ ఆస్మాసిస్, ఆపైన అతినీలలోహిత కిరణాలు. కొంత నీటిని ఒడ్డు దగ్గర బావుల్లోకి దింపి సముద్రపు ఉప్పునీరు లోపలికి రాకుండా ఆపుతారు కూడా.

వందల మైళ్ల అవతలి కొలరాడో నది మీద ఆశపెట్టుకోవడం కంటే ఇదే నయమంటాను. అయినా ఆ నదిలో మాత్రం లాస్ వేగాస్ వాడిన నీళ్లు శుద్ధయి కలవట్లేదా?

ఇది అత్తగారికి చెప్పే ధైర్యం లేదు. ప్రస్తుతం బాటిల్ నీళ్ల కేసులు మోస్తున్నాను.