మన పిల్లల బడికి ప్లాను ఉంది, మనం చదివామా?



ఆ రోజు ఆఫీసులో రిలీజు పనిలో తలమునకలై ఉన్నాను. స్కూలు నుంచి ఫోనుకి మెసేజ్ వచ్చింది. స్కూలు లాక్‌డౌన్‌లో ఉంది, తల్లిదండ్రులు దయచేసి రావద్దు అని. రావద్దంటే ఆగుతామా? డల్లస్ శివార్లలో ఆ ఇరవై నిమిషాలు కారు ఎలా నడిపానో నాకే తెలియదు. వెళ్ళేసరికి నాలాంటి వాళ్ళే రోడ్డంతా నిండిపోయి ఉన్నారు. పోలీసు బళ్ళకు దారి లేకుండా కార్లు అడ్డం పెట్టింది కూడా మేమే. గంట తర్వాత తేలింది, ఎవరో చేసిన ఉత్తుత్తి బెదిరింపు ఫోను అని. పిల్లలంతా క్షేమం.

సిగ్గుపడాల్సిన సంగతి ఆ రాత్రి బయటపడింది. మా పాప ఎమర్జెన్సీ కార్డులో నా భార్య పాత ఫోను నంబరు ఉంది. రెండేళ్ళ కిందటే సియాటిల్ వెళ్ళిపోయిన స్నేహితుడి పేరు ఉంది. రోజూ ఇంట్లోనే ఉండే మా అత్తగారి పేరు మాత్రం లేదు. నిజంగా ప్రమాదం జరిగి పిల్లల్ని వేరేచోటికి తరలిస్తే, కార్డులో పేరున్నవాళ్ళకే, ఐడీ చూసి మరీ అప్పగిస్తారు. మేమిద్దరం అందుబాటులో లేకపోతే ఆవిడ పాస్‌పోర్టు పట్టుకుని గేటు బయట నిలబడాల్సిందే.

ఉద్యోగంలో మనమందరం ఒక మాట అంటుంటాం: ఒక్కసారైనా రీస్టోర్ చేసి చూడని బ్యాకప్, బ్యాకప్పే కాదు అని. సర్వర్లకు ఏటా డిజాస్టర్ రికవరీ డ్రిల్లు చేస్తాం. మరి పిల్లల విషయంలో?

టెక్సస్‌లోనే ఉన్న యువాల్డీ సంగతి చూడండి. 2022 మే 24న రాబ్ ఎలిమెంటరీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అక్కడికి చేరిన పోలీసులు, భద్రతా సిబ్బంది 376 మంది. అయినా హంతకుడిని ఎదుర్కోవడానికి 77 నిమిషాలు పట్టింది. ఆ జిల్లాకు రాతపూర్వకమైన ప్లాను లేక కాదు. ఇలాంటప్పుడు ఎవరు నాయకత్వం వహించాలో అందులో రాసే ఉంది, కానీ ఆ రోజు ఆ పని ఎవరూ చేయలేదు. 111వ గది తలుపు తాళం సరిగా పడదని స్కూల్లో చాలామందికి తెలుసు, రిపేరుకు మాత్రం ఎవరూ ఆర్డరు పెట్టలేదు. ఇవన్నీ టెక్సస్ శాసనసభ కమిటీ 2022 జులైలో ఇచ్చిన నివేదికలోనే ఉన్నాయి. అదే నివేదిక ప్రకారం 2020లో 1,022 స్కూలు జిల్లాల ప్లాన్లు పరిశీలిస్తే, కాల్పులను ఎదుర్కొనే పద్ధతి పనికొచ్చేలా ఉన్నవి 200 మాత్రమే!

చట్టాలకు కొదవ లేదు. ప్రతి జిల్లాకూ అన్నిరకాల ప్రమాదాలకు ఎమర్జెన్సీ ప్లాను ఉండాలి. మూడేళ్ళకొకసారి భద్రతా ఆడిట్ జరగాలి. యువాల్డీ తర్వాత, 2023లో, ప్రతి బడిలో సాయుధ అధికారి, ప్రతి క్లాసులో పానిక్ బటన్ ఉండాలని చట్టాలు చేశారు. కానీ తుపాకీ ఉన్న అధికారిని పెట్టినంత మాత్రాన పాడైన తాళం బాగుపడదు. వాటిని రోజూ పట్టించుకునే మనుషులు కావాలి.

ఇక్కడే మన వాటా వస్తుంది. టెక్సస్ చట్టం ప్రకారం ప్రతి స్కూలు జిల్లాలో ఒక భద్రతా కమిటీ ఉండాలి, అందులో వీలైనంత వరకు ఇద్దరు తల్లిదండ్రులు ఉండాలి. సెమిస్టర్‌కొకసారి, వేసవిలో ఒకసారి అది సమావేశం కావాలి. "మనకు ఓటు లేదు, హెచ్-1 మీద ఉన్నాం, మనకెందుకులే" అనే మిత్రులకు ఒక మాట: ఆ సీటుకు చట్టం అడిగేది మీ బిడ్డ ఆ జిల్లాలో చదవడం, అంతే. మ్యాథ్ కాంపిటీషన్లకు, స్పెల్లింగ్ బీలకు వారాంతాలు ధారపోసే మనం, ఈ కమిటీ సమావేశానికి రెండు గంటలు ఇవ్వలేమా?

కొందరు అంటారు, తుపాకుల చట్టం మారనంత కాలం ఇవన్నీ కంటితుడుపేనని. ఆ పోరాటం జరగాల్సిందే, ఓటున్నవాళ్ళు చేయాల్సిందే. అంతదాకా పిల్లలు బడికి వెళ్ళడం మానరు కదా! పైగా ప్లాను తుపాకులకే పరిమితం కాదు. టెక్సస్‌లో సుడిగాలులున్నాయి, అగ్నిప్రమాదాలున్నాయి.

మన దేశం సంగతీ మరువొద్దు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి తగలబడి 94 మంది పిల్లలు పోయారు. ఆ కేసు ఆధారంగా 2009లో సుప్రీంకోర్టు, భద్రమైన బడి విద్యాహక్కులో భాగమని చెప్పి, బడులన్నీ ఆరు నెలల్లో మంటలార్పే పరికరాలు పెట్టుకోవాలని ఆదేశించింది. మన ఊళ్ళో బడికి గది కట్టించి శిలాఫలకం వేయించుకునేటప్పుడు, రెండో దారి ఉందా, సిలిండరు నిండి ఉందా అని కూడా అడుగుదాం.

ఈ వారమే చేయగలిగినవి ఇవి:

1. ఎమర్జెన్సీ కార్డు తెరిచి నంబర్లు సరిచూడండి. అమ్మమ్మ, తాతయ్య ఇంట్లో ఉంటే స్కూలు అనుమతి ప్రకారం వాళ్ళ పేరు చేర్చండి, ఐడీ ఎక్కడుందో వాళ్ళకు చెప్పండి.

2. ప్రిన్సిపాల్‌ను మూడు ప్రశ్నలు అడగండి: చివరి ఆడిట్ ఎప్పుడు? ఈ ఏడాది ఎన్ని డ్రిల్లులు చేశారు? తాళం పాడైతే ఎవరికి చెప్పాలి? ప్లాను మొత్తం బయటపెట్టరు, పెట్టకూడదు కూడా. ఈ మూడింటికి మాత్రం జవాబు రావాలి.

3. జిల్లా భద్రతా కమిటీలో తల్లిదండ్రుల సీటు ఖాళీగా ఉంటే పేరు ఇవ్వండి.

4. లాక్‌డౌన్ మెసేజ్ వస్తే నాలాగా కారెక్కి పరుగెత్తకండి. తల్లిదండ్రులు ఎక్కడికి రావాలో స్కూలే చెబుతుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా లాభం లేదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మాకు ఆ రోజు చేతులు కాలలేదు, సెగ మాత్రం తగిలింది. ఆ వారాంతమే కార్డులో మా అత్తగారి పేరు చేర్చాను. వచ్చే నెల కమిటీ సమావేశానికి వెళుతున్నాను. మీ జిల్లాలో మీరూ వెళ్ళండి.